ముక్కుల పుస్తకం

భద్రాచలం బస్టాండు నుంచి బ్రిడ్జి వైపు నడిస్తే, మందుల షాపుల వరస దాటాక, మెట్ల కింద ఇరుకైన కొట్టు ఒకటి ఉంటుంది. జె.పి. ఫ్లెక్స్ అండ్ డిజైన్స్. దాని యజమాని జయప్రకాశ్‌తో ఈ మధ్య వేగడం కష్టమని ఊళ్ళో చెప్పుకుంటారు. పోయినవాళ్ళ ఫోటో ఫ్లెక్సు వేయించడం మిగతా కొట్లలో పది నిమిషాల పని. ఫోన్లో ఫోటో పంపి, పేరూ తేదీలూ చెప్పి, చాయ్ తాగి వచ్చేసరికి చుట్టచుట్టి చేతికిస్తారు. ఇతను మాత్రం ముందు స్టూలు వేసి కూర్చోబెడతాడు. కంప్యూటర్ జోలికి పోడు. మూలలు అరిగిపోయిన పొడుగాటి బైండు పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని ప్రశ్నలు మొదలుపెడతాడు.

"మీ నాయిన నవ్వితే ముందు ఏం కదిలేది? కండ్లా, మూతా?"

"అన్నా, ఫోటో మంచిగనే ఉంది గదా. జర వెలుగు పెంచి ఇయ్యి, చాలు. దినం ఎల్లుండే."

"వెలుగు పెంచితే మనిషి మారుతడు. చెప్పు, ఏం కదిలేది?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకని విసుక్కుని పక్క కొట్టుకు పోయేవాళ్ళు పోతారు. ఓపిక పట్టి కూర్చున్నవాళ్ళు కాసేపటికి తమకే తెలియకుండా కళ్ళు తుడుచుకుంటారు. యాభై నాలుగేళ్ళ జయప్రకాశ్‌కు ఈ చాదస్తం కొత్తది కాదు. పాతికేళ్ళ కిందటే ఉండేది. మధ్యలో ఒకసారి అతన్ని వదిలిపోయింది. అది లేని ఆ కొన్నాళ్ళలోనే అతను చెయ్యకూడని పని ఒకటి చేశాడు.

అతను పుట్టింది కొత్తగూడెం క్వార్టర్లలో. తండ్రి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాక కూడా ఆయన కంటి అంచుల్లో నలుపు మిగిలేది. ఆ నలుపును పిల్లవాడు బొగ్గుముక్కతో గోడ మీద గీసేవాడు. కొడుకు కూడా బాయిలోకే వస్తాడని తండ్రి ఆశపడ్డాడు. కొడుకేమో పదో తరగతి తప్పి, మధిర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెయింటర్ వెంకటనారాయణ గారి దగ్గర చేరాడు. సిమెంటు కంపెనీల గోడ రాతలు, పురుగుమందుల బోర్డులు, లారీల వెనక సామెతలు, అన్నీ అక్కడే నేర్చాడు. వీటన్నిటికంటే వెంకటనారాయణ గారికి పేరు తెచ్చింది ఇంకో పని. ఆయన చూడని మనుషుల బొమ్మలు గీసేవాడు.

అప్పట్లో అడవి ఊళ్ళలో చాలామంది ఫోటో అన్నది దిగకుండానే బతికి, దిగకుండానే పోయేవారు. ఏడాది తిరిగేసరికి ఇంట్లోవాళ్ళకు గుబులు పుట్టేది. ముఖం మరుపున పడుతోందని. అప్పుడు వచ్చేవారు ఆయన దగ్గరికి, నలుగురైదుగురు కలిసి, ఆటోలో, బస్సులో. ఆయన వాళ్ళను వరసగా కూర్చోబెట్టి అడిగేవాడు. ఇంట్లో ఎవరికి పోయినాయన నుదురు వచ్చింది? ఎవరి చెవులు ఆయనవి? కోపం వస్తే ఏం చేసేవాడు? పిలిస్తే తల తిప్పేవాడా, ఒళ్ళంతా తిరిగేవాడా?

"చెయ్యి గీస్తుందనుకుంటారురా అందరూ," అనేవాడు వెంకటనారాయణ. "గీసేది చెవి. నువ్వు వినలేదనుకో, నీ చెయ్యి దానికి తెలిసిన మొహమే గీసి పారేస్తుంది."

ఆయన పోయాక జయప్రకాశ్ భద్రాచలంలో కొట్టు పెట్టాడు, ఆ విద్యతోనే. దానికి తన సొంత తెలివి కొంచెం జోడించాడు. ఒక బైండు పుస్తకం కొని పేజీకి ఆరు చొప్పున ముక్కులు గీశాడు. నూట పద్దెనిమిది ముక్కులు. చిలక ముక్కు, బండ ముక్కు, కొన వంగింది, నడుమ ఎముక లేచింది, చిన్నప్పుడు పడి పక్కకు పోయింది. వెనక పేజీల్లో కళ్ళు, చెవులు, గడ్డాలు కూడా ఉండేవి గానీ జనం దాన్ని ముక్కుల పుస్తకం అనే అన్నారు. ఆ పుస్తకం దగ్గర జరిగిన గొడవలు చూసి తీరాల్సిందే. అత్త ఒక ముక్కు మీద వేలు పెడితే కోడలు ఇంకోటి చూపించేది. "నువ్వొచ్చేసరికే ఆయన ముసలోడు, నీకేం తెలుసు ఆయన ముక్కు సంగతి?" అని అత్త లేచేది. నవ్వులు, ఏడుపులు, చాయ్‌లు. రెండు మూడు రోజులు పట్టేది ఒక్కో బొమ్మకు. చావింట్లో ఏడవనివాళ్ళు కూడా ఆ కొట్లో ఏడ్చేవారు.

ఒకసారి చర్ల అవతలి గూడెం నుంచి ముత్తక్క అనే కోయ మనిషి వచ్చింది, తల్లి బొమ్మ కోసం. ఆమెకు తెలుగు అంతంతమాత్రం, అతనికి కోయ భాష అసలే రాదు. ఆమె పుస్తకంలో ముక్కు చూపించింది. బుగ్గ ఎట్లా ఉండేదో చెప్పడానికి మాట దొరకక అతని వేళ్ళు పట్టుకుని తన బుగ్గ మీద పెట్టి, ఇక్కడ ఇంకా లోపలికి అన్నట్టు నొక్కింది. సాయంత్రానికి బొమ్మ తయారైంది. ముత్తక్క దాన్ని చూసి, అరచేత్తో బొమ్మ చెంప మీద చిన్నగా ఒకటి వేసి, తన భాషలో ఏదో తిట్టి, ఏడ్చింది. ఇన్నేళ్ళు ఎటు పోయినవని తల్లిని అడిగిందట. తన బతుకులో అంతకంటే పెద్ద మెప్పు ఇంకొకటి లేదని జయప్రకాశ్ ఇప్పటికీ అంటాడు.

తర్వాత ఫ్లెక్సు మిషన్లు వచ్చాయి. ఫోన్లు వచ్చాయి. ఫోటో లేని మనిషంటూ లేకుండా పోయాడు. కుంచెలు డబ్బాలోనే ఎండిపోయాయి, ముక్కుల పుస్తకం అటకెక్కింది. జయప్రకాశ్ కంప్యూటర్ నేర్చుకుని, పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ దినాలకూ ఫ్లెక్సులు వేసుకుంటూ బతుకు లాగించాడు. బాగానే లాగించాడు. కూతురు మనోజ్ఞను డిజైనింగు చదివించాడు. ఆమె ఖమ్మంలో ఒక ప్రకటనల ఆఫీసులో పని చేస్తోంది. ఆమే ఒక ఆదివారం వచ్చి తండ్రి కంప్యూటర్లో ఏఐ పెట్టి చూపించింది.

రెండు మాటలు టైపు చేస్తే నాలుగు బొమ్మలు వచ్చాయి. జయప్రకాశ్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీశాడు.

"ఇగ నాతోని పనేముంది బిడ్డా?"

"నీతోనే పని నాన్నా," అంది మనోజ్ఞ. "దానికి ఏం తెల్వదు. నువ్వు చెప్పినంతే చేస్తది. చెప్పకపోతే తనకు తోచింది పెడతది. నువ్వు మనుషుల్ని అడుగుతుంటివి చూడు, ఆ ప్రశ్నలు ఇప్పుడూ అడుగు. వాళ్ళు చెప్పింది దీనికి చెప్పు. తప్పొస్తే నీ చేత్తోని దిద్దు. మీ ఇద్దరు కలిస్తే ఇగ తిరుగుండదు."

మొదట్లో అతను అట్లాగే చేశాడు. పాత ఫోటోలో సగం చిరిగిపోయిన ఒక ముసలాయన గడ్డం కోసం మనవళ్ళను గంటసేపు అడిగాడు. మిషన్ గీసింది, ఇతను దిద్దాడు, మనవళ్ళు కాదన్నారు, మళ్ళీ దిద్దాడు. అద్భుతంగా వచ్చింది. రెండో బొమ్మా అంతే. మూడోదానికి పని ఒత్తిడిలో అడగడం కుదరలేదు. మిషన్ ఇచ్చింది ఉన్నదున్నట్టు ఇచ్చేశాడు. వాళ్ళూ అంతే సంతోషంగా తీసుకుపోయారు. అతన్ని చెడగొట్టింది ఆ సంతోషమే. అడిగినా మెచ్చుకుంటున్నారు, అడగకపోయినా మెచ్చుకుంటున్నారు. మరి అడగడం దేనికి? జె.పి. అన్న చచ్చినోళ్ళను లేపుతడు అని జనం అంటుంటే అతనికి ఒళ్ళు పులకరించేది. పొగడ్తకు పడని మనిషి ఎక్కడుంటాడు లెండి.

గోరి అనే ఆవిడ వచ్చింది అప్పుడే, శ్రీరామనవమి ఇంకో అయిదు రోజులుందనగా. నవమి ముందు భద్రాచలంలో ఫ్లెక్సు కొట్టు ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా? స్వాగతం బోర్డులు, మజ్జిగ పందిళ్ళు, సంఘాల పేర్లు, పేరు చిన్నగా పడిందని అలిగిన నాయకులు. మిషన్ ఆగడం లేదు, ఫోన్ ఆగడం లేదు. ఆ రద్దీలో యాభై దాటిన లంబాడీ మనిషి గుమ్మంలో నిలబడింది. పర్ణశాలలో యాత్రికులకు అద్దాల సంచులు కుట్టి అమ్ముతుంది. భర్త పోయిననాడు మోచేతి పై గాజులు తీసేసిన మనిషి, పాతికేళ్ళ పైమాట. కొంగుముడి విప్పి, ప్లాస్టిక్ కవరులోంచి పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

"తమ్మీ, గీ ఫోటో బాగుచేస్తవంట గదా. మా ఆయన రూప్‌సింగ్."

ఫోటోలో చొక్కా కాలరు ఉంది. ఎడమ భుజం ఉంది. తలపాగా అంచు కొంచెం ఉంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక. మొన్నటి పెద్ద వరదకు పర్ణశాల మునిగినప్పుడు ట్రంకుపెట్టె మూడు రోజులు నీళ్ళలో ఉందట. రూప్‌సింగ్ ఎప్పుడో బాయి పనికి దరఖాస్తు పెట్టుకోవడానికి కొత్తగూడెంలో దిగిన ఫోటో అది, అతని బతుక్కంతా అదొక్కటే. బాయి పని రాలేదు. చర్ల అవతల రోడ్డు పనికి పోయి, జ్వరం తగిలి, అక్కడే పోయాడు. అప్పటికి కొడుకు రాజేష్ పదకొండు నెలల పిల్లవాడు. ఇప్పుడు రాజేష్ ఫారెస్టు బీట్ ఆఫీసరు. మూడు వారాల్లో పెళ్ళి. ఈ వైపు పెళ్ళి ఫ్లెక్సు మీద పై మూలన గుండ్రంలో పోయిన పెద్దల ఫోటో ఉండి తీరాలి. లేకపోతే ఆ పెళ్ళికి తండ్రి రానట్టే.

"కొడుకు నాయిన మొఖం ఎరగడు తమ్మీ. నాకొక్కదానికే యాదికున్నది. ఇగ మా మరిది లాలుకు. లాలును చూస్తే సగం ఆయనే. ముక్కయితే అచ్చు గుద్దినట్టు గదే. ఎనుక నుంచి పిలిస్తే నేనే ఎన్నిసార్లు తడబడ్డనో. నవ్వితే మూతి ఒక్క దిక్కే పోయేది..."

ఆమె చెబుతూనే ఉంది. జయప్రకాశ్ ఫోన్లో ఎవరికో మజ్జిగ పందిరి బోర్డు సాయంత్రానికి ఇస్తానంటున్నాడు. ఫోన్ పెట్టేసి ఫోటోను స్కాన్ చేశాడు. ముప్ఫై అయిదేళ్ళ లంబాడీ మగమనిషి, తలపాగా, మీసం, అని టైపు చేశాడు. ఆమె చెప్పినదాంట్లోంచి ఒక్క ముక్క కూడా అందులో చేర్చలేదు. నాలుగు ముఖాలు వచ్చాయి. అందులో అందమైనవాణ్ని ఏరి, పెద్దది చేసి, ఆమె వైపు తిప్పాడు.

గోరి చాలాసేపు చూసింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"మంచిగున్నడు," అంది చివరికి. "కాకపోతే తమ్మీ, ముక్కు గింత సన్నగ లేకుండె. గడ్డం కూడా..."

ఇక్కడ జయప్రకాశ్ ఒక మాటన్నాడు. అన్నప్పుడు అతనికి అది బ్రహ్మాండంగా తోచింది కూడా.

"అక్కా, ఇది నేను గీసింది కాదు. ఫోటో లోపల ఉన్నదే మిషన్ బయటికి తీసింది. పాతికేండ్లాయె. మనుషులం, మనం మరిచిపోతం. ఫోటో మరిచిపోద్దా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. లోపల ఏమీ లేదని, తెల్లటి మరకలోంచి ఏ మిషనూ ఏదీ తియ్యలేదని, అది ఊరికే కల్పించిందని అతనికి తెలుసు. కూతురు విడమరిచి చెప్పింది కూడా. కానీ ఎదురుగా ఇంకో ఆరుగురు నిలబడి ఉన్నారు. గోరి ఫోటోను, తెరను, మళ్ళీ ఫోటోను చూసింది.

"గట్లనా? నిజమే, నేనే మరిచిన్నేమో," అని నెమ్మదిగా అంది.

రెండు రోజుల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది, పర్ణశాల నుంచి ఆటోలో, ఎండలో. "తమ్మీ, ఒక్కసారి ఆ ముక్కు చూస్తవా? నాకు నిద్ర పడ్తలేదు," అంది. నవమి అయినాక చూద్దామక్కా అన్నాడతను, తల ఎత్తకుండానే. ఆమె కాసేపు గుమ్మంలో నిలబడి, కల్యాణానికి వచ్చే జనంలో కలిసి వెళ్ళిపోయింది. నవమి అయ్యేసరికి రాజేష్ తనకు పంపిన బొమ్మ చూసి ఫోన్ చేసి, ఫోటో సూపర్‌గా వచ్చిందన్నా, నాయినను మొదటిసారి చూసిన అని చెప్పి, ఫ్లెక్సు ప్రింటు వేసెయ్యమన్నాడు. అది విన్నాక ఇక దిద్దడం అన్న మాటే రాలేదు.

పెళ్ళి జూలూరుపాడు అవతలి తండాలో, మరిది లాలు ఇంటి ముందు. జయప్రకాశ్‌ను ప్రత్యేకంగా పిలిచారు. తండా మొదట్లోనే పన్నెండడుగుల ఫ్లెక్సు, పై మూలలో రూప్‌సింగ్. వచ్చినవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. రాజేష్ దాని కింద నిలబడి స్నేహితులతో ఫోటోలు దిగుతున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ లాలు వచ్చాడు. అప్పటికే ఇప్పసారా పుచ్చుకుని ఉన్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని ఫ్లెక్సును కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏయ్, వీడెవడు? మా అన్నను పెట్టుమంటే గీ సినిమా మొగోణ్ని పెట్టిన్రేంది?"

అందరూ గొల్లున నవ్వారు. లాలుకు రోషం వచ్చింది. తన ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు. వెడల్పాటి ముక్కు, నడుమ ఎముక కొంచెం లేచి ఉంది.

"గిది మా నాయిన ముక్కు. నాకూ అన్నకూ గిదే. గక్కడున్నది ఎవడి ముక్కు? చెప్పున్రి!"

గోరి చేతిలో విస్తళ్ళ కట్టతో అటు వచ్చింది. బంధువులందరి ముందు, కొడుకు ముందు, పెళ్ళివారి ముందు జరుగుతోందిది.

"నువ్వు తాగినవ్ లాలు. కంప్యూటర్ తాగలే. పోయి కూసో."

ఈసారి నవ్వులు తండా చివరిదాకా వినిపించాయి. జయప్రకాశ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చూశాడు, లాలు ముక్కు. పుస్తకంలో తొమ్మిదో పేజీ, పై వరసలో రెండోది. అతనికి ఆ పేజీ కళ్ళ ముందు కనిపించింది. ఆ క్షణాన లేచి, అవునయ్యా లాలు చెప్పేది నిజం అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పెళ్ళి చెడుతుందనుకున్నాడు. నిజానికి తన పేరు చెడుతుందనుకున్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ముద్ద దిగదు.

ఇంటికొచ్చాక నిర్ణయించుకున్నాడు. లాలును పిలిపించి కూర్చోబెట్టాలి. వదినా మరుదులిద్దరినీ ఎదురెదురుగా పెట్టి, పాత పద్ధతిలో అడిగి, మిషన్‌కు సరిగ్గా చెప్పి, చేత్తో దిద్ది, రూప్‌సింగ్‌ను రూప్‌సింగ్‌లా తీసివ్వాలి. ఎంతలో పని! రెండు రోజులు. వానలు తగ్గాక అనుకున్నాడు. దసరా అయ్యాక అనుకున్నాడు. మిర్చి కోతలప్పుడు లాలుకు తీరికెక్కడిదని సర్దిచెప్పుకున్నాడు. మళ్ళీ నవమి వచ్చింది, మళ్ళీ రద్దీ. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. పదమూడు నెలలు గడిచాక ఒక పొద్దున రాజేష్ నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. "అన్నా, మా బాబాయి పోయిండు. చేన్ల నీళ్ళు కడ్తూ కడ్తూ పడిపోయిండు. శ్రద్ధాంజలి ఫ్లెక్సు కావాలె."

ఫోటోలో లాలు నవ్వుతున్నాడు. మూతి ఒక్క దిక్కే పోయి ఉంది.

జయప్రకాశ్ ఆ ఫ్లెక్సు తన చేత్తో చేశాడు. ఫోటోను ముట్టుకోలేదు, వెలుగు కూడా పెంచలేదు. తర్వాత నిచ్చెన వేసుకుని అటక మీంచి ముక్కుల పుస్తకం దించాడు. దుమ్ము దులిపి, పెన్సిళ్ళు చెక్కుకుని, దినం అయిన మూడో రోజు పర్ణశాల బస్సెక్కాడు.

గోరి ఇంటి ముందు గదే ఆమె దుకాణం. తీగ మీద అద్దాల సంచులు వేలాడుతున్నాయి. లోపలి గోడ మీద, గుమ్మానికి ఎదురుగా, పెద్ద ఫ్రేములో రూప్‌సింగ్. బంతిపూల దండ, కింద చిన్న ఎర్ర బల్బు. ఆమె అతన్ని చూసి సంబరపడింది. పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది.

"పెండ్లయినంక రాజేష్ పెద్దగ కట్టించి తెచ్చిండు తమ్మీ. మొదట్ల ఎవరో కొత్త మనిషి ఇంట్లకొచ్చినట్టుండె. సిగ్గయ్యేది కూడా." ఆమె నవ్వింది. "ఇప్పుడు అలవాటైంది. పొద్దున లేస్తే ఈయనకే చెప్త, ఇయ్యాల జనం వస్తరో రారో అని. కండ్లు మూసుకున్నా ఈయనే వస్తడు. అంతా నీ పుణ్యం."

జయప్రకాశ్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. సంచిలోంచి లాలు ఫోటో తీశాడు.

"అక్కా, ఆయన ముక్కు, లాలు ముక్కు ఒకటే అంటివి గదా. అచ్చు గుద్దినట్టు అంటివి."

"నేనా? ఎప్పుడంటి?" గోరి ఫోటో తీసుకుని చూసింది, పాపం లాలు అని నిట్టూర్చింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "లాలుది గింత మొద్దు ముక్కు. ఆయనకూ లాలుకూ పోలికే లేకుండె తమ్మీ. ఒక్క కడుపున పుట్టిన్రంటే ఎవరూ నమ్మకపోయేటోళ్ళు."

అతను పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె పేజీలు తిప్పింది, పిల్లలా ముచ్చటపడుతూ. తొమ్మిదో పేజీ వచ్చింది. ఆమె చూపు దాని మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇంకో నాలుగు పేజీలు తిప్పి, సన్నగా, తిన్నగా ఉన్న ముక్కు మీద వేలు పెట్టింది. గోడ మీద ఉన్న ముక్కు అదే.

"గిదే. చూడు, ఎంత యాదికున్నదో నాకు."

ఇక దాచిపెట్టి లాభం లేదు. అతను చెప్పాడు. తల వంచుకుని, ఒక్కొక్కటే చెప్పాడు. ఫోటోలో ఏమీ మిగల్లేదని, మిషన్ ఊహించి పెట్టిందని, లోపల ఉన్నదే తీసిందని తను అన్నది అబద్ధమని, నువ్వు చెప్పింది విని దానికి చెప్పి ఉంటే అది సరిగ్గానే గీసేదని. తప్పు మిషన్‌ది కాదక్కా, వినంది నేను అన్నాడు. నాడు లాలు తాగి ఉన్నా నిజమే చెప్పిండని కూడా అన్నాడు.

బయట యాత్రికుల వ్యాను ఆగింది. ఒకావిడ వచ్చి సంచి బేరమాడింది. గోరి లేచి వెళ్ళి, చిన్నదా పెద్దదా అని అడిగి, సంచి ఇచ్చి పంపి, మళ్ళీ వచ్చి కూర్చుంది. గోడ వైపు చూసింది. ఆమె కోపం తెచ్చుకుంటుందని, తిడుతుందని అతను ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"దీన్ని తీసెయ్యమంటవా?" అంది.

అతను సంచిలోంచి పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదలడం అతనికి కనిపించింది, చీకటి గదిలో చేతులతో తడుముకుంటున్నట్టు. కొంతసేపటికి కళ్ళు తెరిచి, అతని చేతిలోని పెన్సిలు వైపు చూసింది.

"మరి ఆయన ఎట్లుండె తమ్మీ?" అని అడిగింది.

ఇన్నేళ్ళుగా అందరినీ తను అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. ఆమె నిజంగానే అడుగుతోంది, అతనికి తెలిసే ఉంటుందన్న నమ్మకంతో.